మేకు మీద ఎర్ర గాజు

వంటింట్లో కూర్చుని కందిపప్పు ఏరుతుంటే హాల్లోంచి ఆ మోత వినిపించింది. ముందు గుర్రుమని ఒక ఊపు, తరువాత మెల్లగా గొంతు పెంచుకుంటూ పోయి ఒకచోట నిలిచిపోయే హోరు. నూనె పంపు మొదలయ్యే చప్పుడు అది. ఆ పని మానేసి పదిహేనేళ్ళు దాటింది. అయినా నా చెయ్యి చేట మీద అలాగే ఆగిపోయింది. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే అరికాళ్ళు నేలకి అదుముకున్నాను. కాగిన నూనె, తుప్పు, తడిసిన గోనెపట్ట, మూడూ కలిసిన ఆ పాత వాసన ముక్కుకి తగిలినట్టయింది. చేట పక్కన పెట్టి లేచి వెళ్ళి చూస్తే ఏముంది, టీవీ! మా మనవరాలు పింకీ సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని, మరమరాల గిన్నె ఒళ్ళో పెట్టుకుని సీరియల్ చూస్తోంది.

"నాన్నమ్మా, ఆజా! ఆయిల్ కంపెనీ సీరియల్. చాలా బఢియా ఉంది. నువ్వు కూడా ఆయిల్‌లోనే పని చేశావు కదా?" అంది.

చేశాను. అందుకే చూడలేకపోయాను. ఎక్కడో ఎడారిలో తీసి, హిందీలో మాటలు పెట్టిన సీరియల్ అది. నూనె బావుల యజమాని ఒకడు, వాడి మీద కక్ష గట్టిన తమ్ముడు ఒకడు. నేల బద్దలై నల్లనూనె ఆకాశానికి ఎగజిమ్మితే అందరూ దాని కింద చేతులు చాచి గంతులు వేస్తున్నారు. నూనెలో గంతులా! ఒక్కడూ జారడే! పరువుగల నూనె మనిషి ఎవడైనా నేల మీద చుక్క పడితే తలదించుకుంటాడు. హీరో మొహాన ఎడమ చెంప మీద మాత్రం సన్నని నల్లచార ఉంది, పసిపిల్లకి పెట్టిన దిష్టిచుక్కలా. చొక్కా తెల్లగా మెరిసిపోతోంది. హీరోయిన్ ఎత్తుమడమల చెప్పులు వేసుకుని పంపుల మధ్య టకటకా నడుస్తోంది. పోనీ, కథ కదా అని పళ్ళు బిగబట్టాను. అప్పుడు టోపీలు పెట్టుకున్న మనుషులు కొంతమంది నిచ్చెన పట్టుకుని ఒక పెద్ద ట్యాంకులోకి దిగారు. పైన ఏదో ప్రమాదం వచ్చింది. కిందివాళ్ళు పైకి ఎగబాకారు. హీరో చెయ్యెత్తి, "పంప్ చాలూ కరో!" అని అరిచాడు. పంపు హోరెత్తింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఎంతమంది దిగారు? ఎంతమంది వచ్చారు? అడగడేం వాడు?" అని నేను కూడా అరిచాను.

"నాన్నమ్మా, ప్లీజ్! స్టోరీ చూడనీ."

"స్టోరీ కాదే, మనుషులు! ముందు మనుషుల్ని లెక్కపెట్టమను వాణ్ణి!"

పింకీ నావైపు జాలిగా చూసి టీవీ గొంతు ఇంకా పెంచింది. ఇంట్లో నాకీ పేరు ఎప్పటినుంచో ఉంది. ఆటో ఎక్కినా దిగినా పిల్లల్ని లెక్కపెడతాను, పెళ్ళికి వెళ్ళి వస్తే లెక్కపెడతాను, డాబా మీదనుంచి అందరూ దిగారో లేదో చూడకుండా తలుపు వేయనివ్వను. కోడలు విసుక్కుంటుంది, కొడుకు నవ్వుతాడు. ఈ పిచ్చి నాది కాదు. పైడమ్మది. ఆమె నాకు అంటించి వెళ్ళిపోయింది.

మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. ఫొటో కూడా లేదు. పొట్టి మనిషి, చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, దాని మీద మగవాళ్ళ చొక్కా వేసుకునేది. విజయనగరం పక్క ఊరునుంచి పెళ్ళయి భిలాయి వచ్చింది. భర్త పోయాడు. ఇక్కడి కూలీల బస్తీ క్యాంప్ 2లో మాకు రెండు వీధుల అవతల ఒక గది ఇల్లు. ఎప్పుడు చూసినా కుంపటిలా కణకణలాడుతూ ఉండేది. ఆమె ప్రేమగా మాట్లాడగా నేను వినలేదు. తిట్టడమే ఆమె పలకరింపు.

మా ఆయన జాముల్‌లో సిమెంటు బస్తాలు దించుతూ లారీ మీదనుంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్న రోజుల మాట. ఆయన మంచం మీద, ఇద్దరు పిల్లలు చంకన. నాకేమో మూడో తరగతి చదువు, వంట తప్ప పని తెలియదు. గుమ్మంలో కూర్చుని ఏడుస్తుంటే పైడమ్మ వీధిలోంచి చూసి ఆగింది.

"ఒలే రవణా, అలగ ఏడిస్తే బియ్యం ఉడుకుతాయేటే? రేపు పొద్దున్న మిల్లు గేటు కాడికి రా. గేట్ పాస్ నాను సేయిస్తాను."

"నాకేం పని వచ్చు అక్కా?"

"ఏమీ రాదు. సూస్తే తెలుస్తన్నాది. అయినా రా."

అది భిలాయి పెద్ద ఉక్కు ప్లాంటు కాదు. దాని చుట్టుపక్కల వెలిసిన ఫ్యాక్టరీలలో ఒక ప్రైవేటు రోలింగ్ మిల్లు. పేరు ఇప్పుడెందుకు. ఎర్రగా కాల్చిన ఇనుప దిమ్మెలను రోలర్ల మధ్య నలిపి కడ్డీలు చేసేవారు. పైన నిప్పు, హడావుడి, మగవాళ్ళ కేకలు. మా పని దాని కింద. రోలర్లకు నూనె అందించడానికి నేల కింద ఒక పొడవాటి గది ఉండేది. ఆయిల్ సెల్లార్ అనేవారు. గది నిండా పంపులు, గొట్టాలు, ఇల్లంత నూనె ట్యాంకు. ఎక్కడో ఒకచోట ఎప్పుడూ కారుతూనే ఉండేది. కారిన నూనె మీద రంపపుపొట్టు చల్లి, గోనెపట్టతో తుడిచి, డబ్బాలకెత్తి పైకి మోయాలి. మేము ఎనిమిది మందిమి ఆడవాళ్ళం. ఇక్కడ కూలి ఆడవాళ్ళని రేజాలంటారు. పైడమ్మ మా ముఠాకి పెద్ద.

మొదటిరోజు మూడో మెట్టు దిగగానే జారి పడ్డాను. పైడమ్మ చెయ్యి ఇవ్వలేదు. నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"పడ్డావా? బాగుంది. ఇప్పుడు లెగిసి బాతులాగ నడు. వేళ్ళు బయటికి తిప్పు, పాదం మొత్తం ఒకేసారి ఆనించు. నడుం తిప్పుకుంటా నడవడానికి ఇదేటి మీ అత్తారి పెరడనుకున్నావా?"

ఆ రోజంతా బాతులా నడిచాను. ఈ రోజుకీ వానాకాలంలో బాత్రూము గచ్చు మీద అలాగే నడుస్తాను. పింకీ నన్ను చూసి నవ్వుతుంది, కానీ ఇంట్లో ఇప్పటిదాకా జారిపడనిది నేనొక్కదాన్నే.

అన్నింటికంటే పాడుపని ట్యాంకు. నెలకో రెండు నెలలకో మిల్లు ఆపి, నూనె వేరే ట్యాంకులోకి తోడేసి, అడుగున పేరుకున్న జిడ్డుమడ్డి గీకడానికి మనిషి లోపలికి దిగాలి. మూత ఉన్న రంధ్రం పిల్ల దూరేటంత. నేను సన్నగా ఉండేదాన్ని కాబట్టి ఎప్పుడూ నా పేరే ముందు వచ్చేది. లోపల చీకటి, ఉక్క. తల మీద ఒక పెద్ద గొట్టం నోరు తెరుచుకుని ఉంటుంది. పంపు వేస్తే నూనె దానిలోంచే ట్యాంకులోకి దూకుతుంది. ఆ గొట్టం కింద నిలబడినప్పుడు ఎవరికైనా ఒకటే ఆలోచన వస్తుంది.

పైడమ్మ రంధ్రం దగ్గర కూర్చుని ఊరికే మాట్లాడుతూ ఉండేది. "రవణా, నిన్న ఏటి కూరొండినావు? ఉప్పు సరిపోయిందా? మీ ఆయనకి కాలు తిమ్మిరి తగ్గిందా?" అని. నాకు జవాబు చెప్పే ఓపిక ఉండేది కాదు. ఒకసారి విసుగొచ్చి మూలిగి ఊరుకుంటే లోపలికి తల దూర్చి, "నోరు పెగల్దేటే? ఇంకోపాలి మాట రాకపోతే దిగి జుట్టు పట్టుకుని లాగుతాను" అంది. గాలి ఆడక మనిషి సొమ్మసిల్లితే ముందు ఆగేది మాట అని నాకు అప్పుడు తెలియదు. నా కూరల మీద ఆమెకి ఎందుకంత ఆరాటమో అనుకునేదాన్ని.

సెల్లార్ మెట్ల పైన గోడకి ఒక చెక్క బోర్డు ఉండేది. మిల్లు మగవాళ్ళు కిందికి దిగేటప్పుడు వాళ్ళ నంబరున్న ఇత్తడి బిళ్ళను దానికి తగిలించి దిగేవారు, పైకి రాగానే తీసుకునేవారు. బోర్డు మీద బిళ్ళ ఉన్నంతసేపూ పంపు వేయకూడదు. మరి మాకు? మాకు బిళ్ళలు లేవు. కాంట్రాక్టు కూలీలు ఈరోజుంటారు రేపుండరు, ఎంతమందికని కొట్టిస్తాం అన్నారట. పైడమ్మ ఒక రోజు పక్కనే గోడకి జానెడు మేకు దిగగొట్టి, క్యాంప్ 2 బజారులో ప్లాస్టిక్ గాజులు కొనుక్కొచ్చింది. మనిషికో రంగు. నాది ఎరుపు. ఎడమ చేతికి వేసుకోవాలి, దిగేముందు తీసి మేకుకి తగిలించాలి, ఎక్కిన వెంటనే తీసి వేసుకోవాలి. ఇంటిదగ్గర ఉన్నా, నిద్రపోయినా చేతినుంచి తీయకూడదు.

మిల్లు ఇంజనీరుగారు నెహ్రూ నగర్‌లో ఉండే మన తెలుగాయనే. చిన్న వయసు, ఇస్త్రీ చొక్కా. ఆ మేకు చూసి ఆగిపోయాడు.

"ఏమమ్మా, ఇదేమిటి? గాజుల దుకాణమా?"

"మీ మనుషులకి బిళ్ళలున్నాయి బాబూ. మావోళ్ళకి తమరు ఇవ్వలేదు. సేతులకున్నవి ఇవే."

"నిబంధనల ప్రకారం ఇలాంటివి చెల్లవు."

"నిబంధనల పెకారం మేం కిందకి దిగకూడదు కూడాను. దిగుతన్నాం కదా?"

ఆయన నవ్వాలో కోప్పడాలో తేలక వెళ్ళిపోయాడు. పంపు ఆపరేటరు మాత్రం ఛత్తీస్‌గఢ్ మనిషి, నెమ్మదైనవాడు. "అమ్మా, చూడీ హై తో ఆద్మీ హై" అన్నాడు. గాజు ఉందంటే మనిషి ఉన్నట్టే అని. ఆ రోజునుంచి స్టార్టర్ మీద చెయ్యి వేసేముందు బోర్డూ చూసేవాడు, మేకూ చూసేవాడు.

క్యాంపులో మాత్రం గుసగుసలు బయలుదేరాయి. మొగుడు పోయిన మనిషి చేతికి ఆకుపచ్చ గాజేమిటి అని. కుళాయి దగ్గర ఒకావిడ మొహం మీదే అడిగేసింది. పైడమ్మ బిందె నింపుకుంటూనే, "ఇది మొగుడి కోసం ఏసుకున్నది కాదమ్మా, మెట్ల కోసం. నీకంత బాదగా ఉంటే నువ్వొచ్చి ట్యాంకులో దిగు, నాను గాజు తీసీసి నీలాగ కబుర్లు సెప్పుకుంటా కూకుంటాను" అంది. ఆవిడ సగం నిండిన బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ఇన్నేళ్ళు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

అవి ఆదివారం పొద్దున్న టీవీలో పురాణం సీరియల్ వచ్చే రోజులు. ఆ గంట భిలాయి రోడ్ల మీద సైకిలు కనిపించేది కాదు. టీవీ ఉన్న ఇంటికి చెప్పులు విడిచి వెళ్ళేవాళ్ళు, అగరొత్తులు వెలిగించేవాళ్ళు. మిల్లు క్యాంటీనులో కొత్తగా ఒక టీవీ పెట్టారు. మాకేమో ఆదివారమే ట్యాంకు పని, మిల్లు ఆగేది ఆ రోజే కదా. ముందటి వారం కథ మంచి పట్టులో ఆగిపోయింది. వారమంతా మా ఆడవాళ్ళ మధ్య అదే మాట. పైడమ్మకి ఒళ్ళు మండింది.

"దేవుడు ఆ పెట్టిలో ఉన్నాడేటి? ఉంటే ఈ మడ్డి గీకడానికి ఆడిని రమ్మను. ఎవులూ కదలకండి, సెప్తన్నాను."

ఆ ఆదివారం నా వంతు గీకుడు తొందరగా అయిపోయింది. ట్యాంకులోంచి వచ్చి, చేతులు తుడుచుకుని చూస్తే పైడమ్మ అవతల డబ్బాలు ఎత్తిస్తోంది. సెల్లార్ వెనకపక్క ఒక ఇనుపనిచ్చెన ఉంది, అది క్యాంటీను వైపు తేలుతుంది. అరగంటలో వచ్చేయవచ్చు, ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. ఎక్కేశాను. నా ఎర్ర గాజు ముందు మెట్ల దగ్గర మేకుకి వేలాడుతోంది. అది నాకు గుర్తే లేదు. నిజం చెప్పాలంటే, గుర్తుంది. వెనక్కి వెళ్ళి తీసుకుంటే పైడమ్మ చూస్తుందని తీసుకోలేదు.

ఆ రోజు పని అనుకున్నదానికంటే ముందే ముగిసింది. యజమాని మనిషి ఫోన్ చేసి మిల్లు త్వరగా మొదలుపెట్టమన్నాడట. కొలిమిలో దిమ్మెలు కాగి సిద్ధంగా ఉన్నాయి. పైడమ్మ అందరినీ ముందు మెట్లమీదుగా ఎక్కించింది. ఒక్కొక్కరూ గాజు తీసుకున్నారు. చివరికి ఎర్రది మిగిలింది.

తరువాత జరిగింది మా ముఠావాళ్ళు చెప్పగా విన్నాను. పైడమ్మ మెట్ల మీదనుంచి "రవణా!" అని పిలిచిందట. జవాబు లేదు. ట్యాంకు రంధ్రం దగ్గర వంగి పిలిచిందట. జవాబు లేదు. పైనుంచి ఆపరేటరు, "అమ్మా, హో గయా క్యా? సాబ్ బార్ బార్ పూఛ్ రహే హైఁ" అని అడిగాడట, అయిపోయిందా, దొరగారు మాటిమాటికీ అడుగుతున్నారు అని. ఆమె ముగ్గురు ఆడవాళ్ళని తీసుకొచ్చి స్టార్టర్ పెట్టెకి వీపులు ఆనించి కూర్చోబెట్టి, "ఎవుడొచ్చి లాగినా లెగకండి" అని, తానే ట్యాంకులో దిగింది. యాభై దాటిన మనిషి, నాకంటే రెండింతల ఒళ్ళు. ఆ రంధ్రంలో ఎలా పట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు. అడుగున ఇంకా ఒక మూల మడ్డి మిగిలే ఉంది. ఆ మడ్డిలో, చీకటిలో, నేను సొమ్మసిల్లి పడిపోయాననుకుని మూలమూలా చేతులతో తడిమింది. నా పేరు పిలుస్తూ తడిమింది. గంట సేపు. పైన కొలిమిలో దిమ్మెలు మాడిపోయాయి. ఇంజనీరుగారు ఆఫీసులో ఫోన్ దగ్గర చివాట్లు తింటున్నాడు.

నేను క్యాంటీను జనంతో కలిసి నవ్వుకుంటూ వచ్చాను. మెట్ల దగ్గర గుంపు చూసి ఆగిపోయాను. అప్పుడే పైడమ్మ పైకి వచ్చింది. తలనుంచి పాదాల దాకా నలుపు. జుట్టు ముద్దకట్టి మెడకి అంటుకుపోయింది. కళ్ళు మాత్రం తెల్లగా కనిపిస్తున్నాయి. ఆ సీరియల్ వాడి చెంప మీద చార చూస్తే నాకెందుకు ఒళ్ళు మండుతుందో ఇప్పుడు మీకు అర్థమవుతుంది. నూనెలో మునిగిన మనిషి ఎలా ఉంటుందో నేను చూశాను. అదీ నా కోసం మునిగిన మనిషిని.

ఆమె నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. ఆమె గోడవైపు తిరిగి, స్టార్టర్ దగ్గరున్న ఆపరేటరు చూసేలోగా మేకు మీద నా గాజు తీసి, చొక్కా కిందనుంచి బొడ్డులో దోపుకుంది. అప్పుడే ఇంజనీరుగారు పరుగున వచ్చాడు.

"ఎవరు? ఎవరున్నారు కింద?"

"ఎవులూ లేరు బాబూ," అంది పైడమ్మ. "నాదే తప్పు. రోజూ ఎనిమిది మందిమి దిగుతాం, ఇయ్యాల ఏడుగురమే దిగినాం. అలవాటు మీద ఎనిమిదనుకున్నాను."

"అనుకున్నావా! నువ్వు అనుకున్నందుకు గంట మిల్లు ఆగింది, తెలుసా? నేను పైవాళ్ళకి ఏమని చెప్పుకోను?"

"నాను ముసిల్దాన్ని, లెక్క తప్పినాదని సెప్పండి."

నేను అక్కడే, క్యాంటీను జనంలో నిలబడి ఉన్నాను. ఎనిమిదోదాన్ని. ఆయన మా మొహాలు ఎప్పుడూ సరిగ్గా చూసినవాడు కాదు, అందుకని వెతకలేదు. నోరు తెరవాలనుకున్నాను. మంచం మీద మా ఆయన, ఇద్దరు పిల్లలు, పొయ్యి, అన్నీ కళ్ళ ముందుకి వచ్చి నన్ను ఆపేశాయి. ఇంజనీరుగారు పైడమ్మ గేట్ పాస్ అడిగి తీసుకున్నాడు. నూనె మరకలతో ఆ అట్టముక్క ఆయన వేళ్ళకి అంటుకుంది. రుమాలుతో తుడుచుకున్నాడు. ఆపరేటరు స్టార్టర్ నొక్కాడు. పంపు హోరెత్తింది.

సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళాను. గుమ్మం ముందు పీట మీద కూర్చుని, జుట్టుకి కిరసనాయిలు పట్టించి, శనగపిండితో రుద్దుకుంటోంది. నన్ను చూసి పక్కకి తిరిగింది.

"అక్కా, రేపు నేను ఇంజనీరుగారికి నిజం చెప్పేస్తాను. నా పాస్ తీసుకుని నీది ఇచ్చేయమంటాను."

"ఏటని సెప్తావు?"

"గాజు అక్కడ ఉంచి నేను టీవీకి వెళ్ళానని."

పైడమ్మ చేతిలో పిండి ముద్ద నా మీదికి విసిరినంత పని చేసింది. "ఒలే, నీకు బుర్ర ఉన్నాదా? నిన్ను కాయడానికి అబద్దమాడినానని అనుకుంటన్నావా? నీ మొకానికి అంత సీను లేదు. ఇను. గాజుంటే మనిసున్నట్టే అని ఆ ఆపరేటరు నమ్మినాడు. ఇయ్యాల ఆడికి గాజున్నా మనిసి లేదు, టీవీ కాడ కూకుందని తెలిసినాదనుకో. రేపు ఇంకొకర్తి గాజు మిగిలిపోతాది. ఆడేమనుకుంటాడు? ఇదీ టీవీకే ఎల్లుంటాది అనుకుంటాడు. అనుకుని నొక్కీస్తాడు. నాను లెక్క తప్పితే నాను పోతాను. గాజు తప్పితే ఎంతమంది పోతారే?"

నేను ఏడవడం మొదలుపెట్టాను.

"మళ్ళీ ఏడుపు! ఆ ఏడుపేదో ఇంటికెల్లి ఏడు. ఇదిగో," అని బొడ్డులోంచి నా ఎర్ర గాజు తీసి ఇచ్చింది. తన చేతినుంచి ఆకుపచ్చది కూడా తీసి దాని మీద పెట్టింది. "రేపటినుంచి మేకు నీది. లెక్క నువ్వే సూడాల. నాలాగ లెక్క తప్పినావో, వొచ్చి సంపీస్తాను."

నాలాగ లెక్క తప్పావో అంది. తన లెక్క ఎన్నడూ తప్పలేదని ఆమెకి తెలుసు, నాకు తెలుసు, మా ముఠాలో మిగతా ఆరుగురికీ తెలుసు. వాళ్ళు ఆ మాట బయట ఎక్కడా అనలేదు. నాతో కూడా నెల రోజులు ఏ మాటా అనలేదు.

పైడమ్మ తరువాత మా వీధి మొదట్లో బజ్జీల బండి పెట్టింది. "సచ్చేదాకా నూనె నన్ను ఒదల్దు కాబోలు" అని మూకుడుని తిట్టుకుంటూ వేయించేది. కొన్నవాళ్ళని కూడా తిట్టేది. అయినా జనం ఎగబడేవారు.

ఆ మరుసటి ఏడాది ఒకరోజు పని ముగిసి అందరం ఎక్కాం. మేకు మీద పసుపు గాజు మిగిలింది. మాలో అందరికంటే చిన్నది, పెళ్ళయి ఆరు నెలలైన సీతది. నేను ఆపరేటరు వైపు చూశాను. అతను మేకు చూసి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని స్టార్టర్‌కి దూరంగా జరిగాడు. ఫోన్ మోగుతుంటే ఎత్తలేదు. నేను దిగి చూస్తే సీత ట్యాంకులో అడుగున ఒరిగి పడి ఉంది. గాలి ఆడక సొమ్మసిల్లింది. జుట్టు పట్టుకునే లాగాం. బయట గాలి తగిలాక కళ్ళు తెరిచింది. పైన ఆ గొట్టం నోరు తెరుచుకుని అలాగే ఉంది.

పరుగెత్తుకుంటూ బజ్జీల బండి దగ్గరికి వెళ్ళి చెప్పాను. పైడమ్మ జల్లిగరిటె ఆపలేదు.

"మరేటి? గాజుంటే మనిసుంటాది. కొత్తగా సెప్తన్నావేటి?" అంది. మూకుడులో బజ్జీలు తిరగేసి, "ట్యాంకులో ఉన్నదానితో మాటాడతా ఉండమని సెప్పినానా లేదా? నోరు మూసుకుని కూకున్నావా?" అని మొదలుపెట్టి, సీత ఇంటికి పట్టుకెళ్ళమని పొట్లం కట్టి ఇచ్చేదాకా తిడుతూనే ఉంది. ఆ పొగలో కళ్ళు తుడుచుకుంది. పొగ ఉంది కాబట్టి నేనూ అడగలేదు.

ఆమె పోయి చాలా కాలమైంది. మిల్లులో ఆడవాళ్ళకి కూడా బిళ్ళలు వచ్చేదాకా ఆ మేకు నేను చూశాను. నా జ్ఞాపకం గట్టిదని ఇంట్లో అందరూ అంటారు. మొదటిరోజు పైడమ్మ కట్టిన చీర అంచు చెప్పగలను, ఎనిమిది గాజుల రంగులూ చెప్పగలను. కానీ ఆ ఆదివారం టీవీలో ఏం చూశానో ఒక్క ముక్క గుర్తు లేదు. ఎవరు ఎవరితో యుద్ధం చేశారో, ఎవరు గెలిచారో ఎంత తలుచుకున్నా రాదు.

అందుకే పింకీ చేతిలో రిమోట్‌ని తట్టాను. "వెనక్కి తిప్పు. వాళ్ళు దిగే దగ్గరికి తిప్పు."

"అరే యార్, నాన్నమ్మా!" అని నెత్తి కొట్టుకుని తిప్పింది. "చలో, లెక్కపెట్టు."

ఇద్దరం వేలు చూపించి లెక్కపెట్టాం. నిచ్చెన దిగినవాళ్ళు పదకొండు మంది. మళ్ళీ ముందుకి తిప్పాం. ఎక్కినవాళ్ళు తొమ్మిది. పింకీ నమ్మలేక ఇంకోసారి తిప్పింది. తొమ్మిదే.

"సచ్‌మే నాన్నమ్మా! ఇద్దరు తక్కువ!" అని పకపకా నవ్వింది.

"మరి వాళ్ళేరి?"

"ఎక్కడా ఉండరు. వాళ్ళు జూనియర్ ఆర్టిస్టులు. హీరో ఉన్నాడో లేడో చూస్తారు కానీ, వాళ్ళని ఎవరు లెక్కపెడతారు?"

వంటింట్లోకి వచ్చి చేట ముందుకి లాక్కున్నాను. ఎడమ చేతికి పైడమ్మ ఆకుపచ్చ గాజు ఉంది. మా ఆయన పోయిన రోజున అన్నీ తీసినవాళ్ళు దీన్ని కూడా తీయబోతే, ఇది ఆయన కోసం వేసుకున్నది కాదని చెప్పి ఉంచుకున్నాను. హాల్లో పంపు హోరు ఇంకా వినిపిస్తూనే ఉంది. ఎవరో పెద్దగా నవ్వారు, ఎవరో ఎవరినో కౌగిలించుకున్నట్టున్నారు, పాట వచ్చింది.

"నాన్నమ్మా," అని కేకేసింది పింకీ, "అయిపోయింది. వచ్చి నీ వార్తలు పెట్టుకో."

"అవలేదు," అన్నాను. "ఇంకా ఇద్దరు పైకి రావాలి."